కిందింటి నుంచి

పోయినేడు ఆషాఢంల
మా గల్లీ మోరి మీది బండ విరిగింది.
వానకే విరిగిందనుకున్నం.
కాదు, లారీ ఒకటి వెనక్కొచ్చి
దాని మీద చక్రం దింపి పోయింది.
పోచక్క చూసింది. చెప్పలేదు.
లారీ వాళ్ళల్లుడిది.

నగర పరిషత్తుకు పోతే
అది కోల్‌మైను కాలనీ హద్దన్నరు.
కంపెనీ ఆఫీసుకు పోతే
మోరి మాదే గానీ అందులో పారే నీళ్ళు మునిసిపాలిటీవి అన్నడు
తమలపాకు నములుతున్న బాబు.
అర్జీ నేనే రాసిన, మరాఠీల.
నాకు తెలుగు మాట్లాడుడు అమ్మ దగ్గర వచ్చింది,
చదువుడు బియ్యం సంచుల మీద.
మోరి అన్న మాట మాత్రం
రెండు భాషలల్ల ఒక్కటే కంపు కొడ్తది.

వానకాలం పోయింది.
ఎండిన మోరిని ఎవరు తలుచుకుంటరు?
విరిగిన బండ మీద చెక్క వేసి
దాని మీంచి పెండ్లి బ్యాండు కూడా పోయింది.

బల్లార్షాల నలభై ఆరు డిగ్రీల ఎండ కొట్టే ఆదివారం
ఓదేలు మామ గడ్డపార పట్టుకొని బయటికొచ్చిండు.
ముప్పై రెండేండ్లు భూమి కింద
కప్పుకు దుంగలు నిలబెట్టిన మనిషి.
ఆకాశం కింద నడిచినా
ఇప్పటికీ నెత్తికేదో తగుల్తదన్నట్టు
కొంచెం వంగే నడుస్తడు.

విరిగిన బండ దగ్గర ఆగలేదు.
గల్లీ కొసకు, కుసుమ్‌బాయి గేడాం ఇంటి దాకా పోయి
గడ్డపార దింపిండు.
"ఇక్కడి నుంచి."
విరిగింది పైన గదా మామా, అన్నడు మునీర్.
"పైన బాగుచేస్తే నీళ్ళెటు పోతయిరా?
ఈమె పొయ్యిలకు."

నాలుగేండ్ల నుంచి వాన పడ్డప్పుడల్లా
మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంటున్న కుసుమ్‌బాయి
గడప మీద చేతులు కట్టుకొని నిలబడ్డది.
"పహిల్యాందా కుణీ విచారలం" అన్నది,
ఎవరికీ కాదు, గోడకు.
మొదటిసారి ఎవరో అడిగిన్రని.
నిజానికి మేం అడగలేదు.
తలలు దించుకొని తవ్వినం.

సెలైన్ గొట్టంల పసుపు నీళ్ళు నింపి
ఒక కొస నా చేతికిచ్చిండు మామ.
"కదలకు. లోపల గాలి బుడగుంటే
నీళ్ళు గూడ అబద్ధమాడ్తయి."
పది అడుగులకు ఒక వేలు వాలు.
ఇంతేనా, అనుకున్న.
ఇంత వేలెడు తేడాకేనా
నాలుగేండ్లు ఒక ఇల్లు నానింది?

ఇంటికి రెండు వందలు.
పోచక్క రెండు వందలతో పాటు
రెండు బస్తాల సిమెంటు పంపింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.
వార్ధా ఇసుక తెచ్చిన వాళ్ళల్లుడు
లారీని గల్లీలకు తేకుండ
మూల మీదనే ఆపి
తట్టలతోని తనే మోసిండు,
కొత్త అంగీ, ఇస్త్రీది.

బండ పోసేటప్పుడు కింద దుంగలు నిలబెట్టి
మామ ఒక్కొక్కదానికి చెవి ఆనించిండు.
మేం నవ్వినం.
"కర్ర ముందుగాల చెప్తది. రాయి చెప్పది."
కొంచెం సేపాగి,
"ఒకసారి చెప్పింది. మేం టిఫిన్ డబ్బలు సర్దుకుంటున్నం."
తర్వాతేమైందో చెప్పలేదు.
తాపీ కడుక్కొని పోయిండు.
ఆ రోజు ఎవరం చాయ్ తాగలేదు.

పన్నెండు రోజులు గోనె పట్టాలు తడిపినం.
నల్లా రాని పూట గూడ
అందరి బిందెలు ఆ బండకే.

మిరుగు నాటి రాత్రి కరెంటు పోయింది, వాన వచ్చింది.
పిలవకుండనే అందరు బయటికొచ్చిన్రు,
సెల్‌ఫోన్ల వెలుగు మోరిల పట్టి,
తొట్టెల పిల్లను చూసినట్టు.
ఎర్ర నీళ్ళు పైనుంచి దూకినయి,
బండ కింద మాయమైనయి,
కొంచెం సేపు ఏమీ లేదు,
మళ్ళీ కుసుమ్‌బాయి ఇంటి ముందు తేలి
ఎవరిదో ఒక చెప్పును తీసుకొని
నాలా దిక్కు వెళ్ళిపోయినయి.

తెల్లారి పోయి చూసిన.
ఇల్లు పొడిగ ఉన్నది.
మంచం కింద ఇటుకలు మాత్రం అట్లనే ఉన్నయి.
తియ్యవా అవ్వా, అన్న.
"ఇంకో వాన చూద్దాం" అన్నది, తెలుగుల.

ఓదేలు మామకు చెప్పిన.
తప్పుగ అనుకుంటడేమో అనుకున్న.
మంచి పని చేసింది, అన్నడు.